తిరుపతిలో కూర్చుని ధ్రువ సముద్రాల మంచు కదలికను కొలవడం ఎలా?

ముందు వంటింట్లో మొదలుపెడదాం. వెడల్పాటి గిన్నెలో అర లీటరు పాలు కాచి, కదపకుండా చల్లారనివ్వండి. మీగడ తెర కట్టాక గిన్నె అంచు దగ్గర నోరు పెట్టి ఒక పక్క నుంచి మెల్లగా ఊదండి. తెర మొత్తం అవతలి అంచు వైపు జరుగుతుంది. అక్కడ గిన్నె అడ్డం రాగానే మడతలు పడి ముడుచుకుంటుంది. మీ వైపు మాత్రం తెర తెగి, ఆ సందులోంచి పాలు కనబడతాయి. ఇప్పుడు అవతలి పక్కకి వెళ్ళి ఊదండి. సందు మూసుకుపోతుంది, తెర ఇంకో చోట తెగుతుంది.

ఆర్కిటిక్ సముద్రం మీద రోజూ జరిగేది ఇదే. మీ ఊపిరి ఉన్న చోట గాలి, మీగడ ఉన్న చోట ఒకటి నుంచి మూడు మీటర్ల మందాన సముద్రపు మంచు. మడతలు పడినట్టే అక్కడ మంచు గుట్టలు లేస్తాయి. తెగిన సందుల్లో నల్లటి నీళ్ళు తేలతాయి. ధ్రువ సముద్రం మీద మంచు గడ్డకట్టి కదలకుండా పడి ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అది రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది. ఆ నడకను మన ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా, మన చేత్తో కొలవొచ్చు. ఎలాగో వివరంగా చెబుతాను.

కావలసినవి ఒక ల్యాప్‌టాప్, ఓ మాదిరి నెట్, నోటుబుక్కు, కాలిక్యులేటర్. ఫోన్‌లోనూ చేయొచ్చు గానీ వేలితో పెట్టే గుర్తు పక్కకి జరిగిపోతుంది. తెర మీద అది చిన్న తేడానే, సముద్రం మీద మాత్రం నాలుగైదు కిలోమీటర్లు అవుతుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. మొదటిరోజే ఆర్కిటిక్ మొత్తాన్ని చూసేయాలని కూర్చోకండి. ఒక్క మంచు పలకను ఎంచుకుని, పది రోజులు దాన్ని వదలకుండా వెంబడించండి. బాణాలు గీసిన మ్యాపులు వంద చూసినా రాని అవగాహన ఆ ఒక్క పలకతో వస్తుంది. ఈ వ్యాసమంతా ఆ పని కోసమే.

ఏ మంచు, ఎక్కడి మంచు

సముద్రపు మంచు వేరు, మంచుకొండ వేరు. సముద్రపు నీళ్ళు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడితే వచ్చేది సముద్రపు మంచు. పలచగా, వెడల్పుగా ఉంటుంది, గాలి చెప్పిన మాట వింటుంది. మంచుకొండ నేల మీది హిమానీనదం నుంచి విరిగి సముద్రంలో పడ్డ మంచినీటి గడ్డ. దాని ఒళ్ళు వందల అడుగులు నీళ్ళలో మునిగి ఉంటుంది కాబట్టి అది గాలి కంటే లోతు ప్రవాహాల మాటే ఎక్కువ వింటుంది. మనం వెంబడించబోయేది మొదటిదాన్ని.

మొదటి పాఠానికి ఫ్రామ్ జలసంధిని ఎంచుకోండి. గ్రీన్‌లాండ్‌కీ స్వాల్బార్డ్ దీవులకీ మధ్య ఉన్న దారి అది. ఆర్కిటిక్ సముద్రపు మంచు బయటికి పోయే ప్రధాన వాకిలి. ఆర్కిటిక్ మంచులో ఏటా సుమారు పదో వంతు ఈ ఒక్క దారిలోనే దక్షిణానికి జారి కరిగిపోతుంది. ఇక్కడ మంచు వేగంగా, దాదాపు ఒకే దిశలో నడుస్తుంది, పలకలు పెద్దవిగా విడివిడిగా కనబడతాయి. కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు. పైగా మన హిమాద్రి పరిశోధన కేంద్రం ఈ జలసంధికి తూర్పు ఒడ్డున, స్వాల్బార్డ్‌లోని న్యూ ఆలెసుండ్‌లోనే ఉంది. 2008 జూలై 1న తెరిచారు.

ఈ జలసంధికి ఆ పేరు ఒక ఓడ వల్ల వచ్చింది. 1881లో జెన్నెట్ అనే ఓడ సైబీరియా ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ళ తర్వాత, 1884లో, దాని సామాన్లు గ్రీన్‌లాండ్ నైరుతి ఒడ్డున దొరికాయి. అంటే మంచు వాటిని ధ్రువసముద్రం అడ్డంగా మోసుకొచ్చింది. దీన్నిబట్టి నార్వే శాస్త్రవేత్త నాన్సెన్, మంచు ఒత్తిడికి నలగకుండా పైకి లేచేలా గుండ్రటి అడుగుతో ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893 సెప్టెంబరులో కావాలనే దాన్ని మంచులో ఇరికించాడు. 1896 ఆగస్టులో ఆ ఓడ స్వాల్బార్డ్ వాయవ్యాన మంచులోంచి బయటపడింది. దాదాపు మూడేళ్ళు. ఇంచుమించు అదే దారిలో 2006లో తారా అనే పడవ మంచులో ఇరుక్కుని 2008 జనవరికల్లా, అంటే ఏడాదిన్నర లోపే, బయటికొచ్చేసింది. మంచు పలచబడేకొద్దీ సులువుగా విరుగుతోంది, విరిగేకొద్దీ వేగంగా నడుస్తోంది. మీరు కొలవబోయే సంఖ్య ఈ పెద్ద కథలో ఒక చిన్న భాగం.

చిత్రం తెరవడం

నాసా వాళ్ళ వరల్డ్‌వ్యూ సైట్ తెరవండి. లాగిన్ అక్కర్లేదు. మామూలుగా ప్రపంచపటం నలుచదరంగా వస్తుంది. అందులో ధ్రువం దగ్గరి ప్రాంతాలు పూరీలా అడ్డంగా సాగిపోయి ఉంటాయి. భూగోళం బొమ్మ ఉన్న బటన్ నొక్కి ఆర్కిటిక్ ఎంచుకోండి. ఇప్పుడు ధ్రువం మధ్యలో ఉండి, చుట్టూ దేశాలు కనబడతాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఈ పటంలో పై వైపు ఉత్తరం కాదు. ఉత్తరం అంటే పటం మధ్యకి, దక్షిణం అంటే మధ్య నుంచి బయటికి. పలక తెర మీద కిందికి జరిగితే దక్షిణానికి వెళ్ళిందని రాసేయకండి. అక్షాంశ రేఖాంశాలు చూసే దిశ రాయాలి. మౌస్ పెట్టిన చోటి అంకెలు తెర మీద కనబడుతుంటాయి, వాటినే నమ్మండి.

తారీఖు ఏప్రిల్ చివర నుంచి జూన్ మధ్యలో ఏదైనా పెట్టండి. ఈ ఏడాదే కానక్కర్లేదు, పాత సంవత్సరాలైనా సరే. అప్పుడు అక్కడ సూర్యుడు అస్తమించడు, మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. జూలై వచ్చిందంటే మంచు మీద కరిగిన నీటి మడుగులు కట్టి, పలకల అంచులు మసకబారతాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఫ్రామ్ జలసంధి చీకటి. మామూలు చిత్రంలో ఏమీ కనబడదు.

చిత్రపు పొర కూడా ఎంచుకోవాలి. టెర్రా ఉపగ్రహం 1999లోను, ఆక్వా 2002లోను వెళ్ళినవి. పాత సంవత్సరాలకి వాటిలోని మోడిస్ అనే కెమెరా చిత్రాలు బంగారం లాంటివి. కొత్తవాటికి నోవా-20 ఉపగ్రహంలోని వీర్స్ అనే కెమెరా చిత్రాలు పెట్టుకోండి. మొదట అసలు రంగుల పొర, దాని మీద ఎం3-ఐ3-ఎం11 అనే పొర, రెండూ జోడించండి. రెండోది ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మంచా, మోడమా

మా వైపు మబ్బుని మోడం అంటాం. ఈ పని నేర్చుకోవడంలో సగం కష్టం, తెల్లటి మంచు మీది తెల్లటి మోడాన్ని గుర్తుపట్టడమే. మొదట్లో నేనొక పెద్ద పలకను పట్టుకున్నాననుకుని మరుసటి రోజు చిత్రంలో దాన్ని వెతికితే, అలాంటి ఆకారమే ఇంకోటి కనబడింది. లెక్క వేస్తే ఒక్క రోజులో 90 కి.మీ. వచ్చింది. గొప్ప వేగం దొరికిందని సంబరంగా నోటుబుక్కులో రాస్తుంటే, ఇంటర్ చదివే మా మేనకోడలు వెనక నుంచి చూసి, "మామా, అది మంచు కాదు, మోడం. పక్కన నీడ పడింది చూడు" అంది. చూస్తే నిజమే. దాని ఒక అంచు వెంబడి సన్నగా బూడిద రంగు చార ఉంది. అక్కడ సూర్యుడు ఎప్పుడూ కింద నుంచే వెలుగిస్తాడు కాబట్టి మోడం నీడ పొడుగ్గా మంచు మీద పడుతుంది. పలకకి అలాంటి నీడ ఉండదు.

ఆ రోజు నుంచి నేను మూడు పరీక్షలు చేస్తున్నాను. మొదటిది నీడ. రెండోది అంచు. పలక అంచు విరిగిన అప్పడం అంచులా ఖచ్చితంగా ఉంటుంది, మోడం అంచు దూది పీకినట్టు ఉంటుంది. మూడోది ఆ ఎం3-ఐ3-ఎం11 పొర. అందులో మంచు ఎర్రగా కనబడుతుంది, నీటి బిందువుల మోడం తెల్లగానే ఉంటుంది, నీళ్ళు నల్లగా ఉంటాయి. చాలా ఎత్తున ఉండే మంచుకణాల మోడాలు మాత్రం లేత నారింజ రంగులో వచ్చి కాస్త మోసం చేస్తాయి. అప్పుడు మళ్ళీ అంచు చూడండి. రెండు పొరల మధ్య అటూ ఇటూ మార్చి చూస్తూ ఉంటే ఒక వారంలో కంటికి అలవాటు అయిపోతుంది.

పలకను పట్టుకోవడం

గ్రీన్‌లాండ్ ఈశాన్య మూల నుంచి కిందికి, ఒడ్డుకి కాస్త దూరంగా చూడండి. 78 నుంచి 81 డిగ్రీల ఉత్తరం మధ్యన వెతకండి. 15, 20 కి.మీ. వెడల్పున్న పలక ఒకటి ఎంచుకోండి. మరీ చిన్నదైతే మర్నాటికి గుర్తుపట్టలేరు. మరీ పెద్దదైతే మధ్యలో విరిగే అవకాశం ఎక్కువ.

ఆకారమే దాని ఆధార్ కార్డు. గుండ్రటి పలకలు వద్దు, అక్కడ అన్నీ అలాగే ఉంటాయి. ఒక పక్క కొరికినట్టు ఉన్నదో, మధ్యలో అడ్డంగా నల్లటి పగులు ఉన్నదో, మూల ఒకటి ముక్కులా పొడుచుకొచ్చినదో ఎంచుకోండి. నోటుబుక్కులో దాని బొమ్మ గీయండి. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని గీయడం మానకండి. గీసినప్పుడే ఏ మూల ఎలా తిరిగిందో కన్ను గమనిస్తుంది. పలకలు జరగడమే కాదు, గిరగిరా కాకపోయినా మెల్లగా తిరుగుతాయి కూడా. మర్నాడు అది 30 డిగ్రీలు తిరిగి ఉంటే, ఆకారం గుర్తున్నవాళ్ళకే దొరుకుతుంది.

పేరు కూడా పెట్టండి. నా నోటుబుక్కులో దోసె, తమలపాకు, ఏనుగు చెవి అని ఉన్నాయి. అంకెలు పెడితే రెండు రోజుల్లో ఏది ఏదో మర్చిపోతాం.

పలక మీద ఒకే బిందువుని రోజూ కొలవాలి. అంచు విరగొచ్చు కాబట్టి, ఎదురెదురు మూలలు రెండింటి అక్షాంశ రేఖాంశాలు రాసుకుని సగటు తీయండి. పక్కన తారీఖు, సమయం.

సమయం గురించి జాగ్రత్త. ఆ సైట్‌లో తారీఖులు గ్రీనిచ్ సమయంలో ఉంటాయి, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ధ్రువం మీదుగా ఉపగ్రహం రోజుకి చాలాసార్లు పోతుంది. మీకు కనబడే ఒక రోజు చిత్రం అలాంటి చాలా పట్టీలను కలిపి కుట్టినది, అందుకే అక్కడక్కడా బొంత కుట్టులా గీతలు కనబడతాయి. ఈరోజు మీ పలక ఉన్న పట్టీ ఉదయానిదీ, రేపటిది మూడు గంటలు ఆలస్యంగా తీసిందీ కావచ్చు. రోజుకి 25 కి.మీ. నడిచే పలకకి మూడు గంటలంటే 3 కి.మీ. పైనే తేడా. చిత్రంలో ఒక చుక్క 250 మీటర్లు, మీరు రెండు చుక్కలు అటూ ఇటూ నొక్కినా తప్పు అర కిలోమీటరే. అసలు తప్పు సమయంలోనే వస్తుంది. కక్ష్య మార్గాల పొర జోడిస్తే ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడ ఉందో గీతల మీద సమయం కనబడుతుంది. అది చూసి రాసుకోండి.

లెక్క

ఉదాహరణకి మొదటి రోజు పలక 79.50 ఉత్తరం, 5.00 పశ్చిమం దగ్గర ఉందనుకోండి. సరిగ్గా 24 గంటల తర్వాత 79.30 ఉత్తరం, 5.60 పశ్చిమం.

ఉత్తర దక్షిణాల లెక్క సులువు. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కి.మీ. మన పలక 0.20 డిగ్రీలు దక్షిణానికి వచ్చింది, అంటే 22.2 కి.మీ.

తూర్పు పడమరల లెక్కలో జాగ్రత్త పడాలి. రేఖాంశాలు ధ్రువం వైపు వెళ్ళేకొద్దీ గొడుగు ఊచల్లా దగ్గరకి వచ్చేస్తాయి. తిరుపతి దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 108 కి.మీ. 70 డిగ్రీల ఉత్తరాన 38, 75 దగ్గర 29, 80 దగ్గర 19 మాత్రమే. కాబట్టి 111ని ఆ చోటి అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. రెండు రోజుల అక్షాంశాల సగటు 79.40. దాని కొసైన్ 0.184. గుణిస్తే డిగ్రీకి 20.4 కి.మీ. మన పలక 0.60 డిగ్రీలు పడమటికి వెళ్ళింది, అంటే 12.3 కి.మీ.

ఇప్పుడు పైథాగరస్. 22.2 వర్గం, 12.3 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 25.4 కి.మీ. ఇంచుమించు తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్ళి తిరిగొచ్చినంత. 20 కి.మీ. వెడల్పు, ఒకటి నుంచి మూడు మీటర్ల మందం ఉన్న మంచు పలక ఒక్క రోజులో అంత దూరం నడిచింది. మొదటిసారి ఈ సంఖ్య నా చేతి లెక్కలో వచ్చినప్పుడు నేను చాలాసేపు తెర ముందు నుంచి లేవలేదు.

దిశ కూడా తీయండి. దక్షిణానికి 22.2, పడమటికి 12.3 కాబట్టి నేరు దక్షిణం నుంచి 29 డిగ్రీలు పడమటి వైపు. దిక్సూచిలో 209 డిగ్రీలు. సైట్‌లోనే దూరం కొలిచే పనిముట్టు ఉంది, దానితో సరిచూసుకోండి. కానీ మొదటి పది రోజులూ చేత్తోనే లెక్కవేయండి. తర్వాత ఎక్సెల్‌లో పెట్టుకోవచ్చు. ఎక్సెల్‌లో కొసైన్ వేసేటప్పుడు డిగ్రీలను రేడియన్లలోకి మార్చడం మరిచిపోతే లెక్కంతా తలకిందులు అవుతుంది.

ఫలితాన్ని నమ్మే ముందు ఒక పరీక్ష. కదలని దాన్ని కూడా అదే పద్ధతిలో కొలవండి. స్వాల్బార్డ్ పడమటి అంచున ప్రిన్స్ కార్ల్స్ ఫోర్లాండ్ అనే పొడుగాటి దీవి ఉంది. దాని దక్షిణపు కొసను రెండు రోజుల చిత్రాల్లోనూ గుర్తుపెట్టండి. తేడా సున్నా రావాలి. అర కిలోమీటరు వస్తే పర్లేదు, అది మీ చేతి తప్పు పరిమాణం. మూడు కిలోమీటర్లు వస్తే చిత్రమో మీ గుర్తో ఏదో తేడాగా ఉంది, పలక లెక్క పక్కన పెట్టండి. అలాగే పలక వేగం రోజుకి 60 కి.మీ. దాటిందంటే ముందు మీ పనినే అనుమానించండి. నా 90 కి.మీ. సంగతి గుర్తుంది కదా.

గాలితో పోల్చడం

దూరం తెలిశాక ఎవరు నెట్టారో చూడాలి. నల్‌స్కూల్ అనే గాలి పటం గానీ, విండీ గానీ తెరిచి, అదే తారీఖు, అదే చోట గాలి వేగం, దిశ రాసుకోండి. నల్‌స్కూల్‌లో పాత తారీఖులకి వెనక్కి వెళ్ళడం సులువు. వేగాన్ని సెకనుకి మీటర్లలో పెట్టుకోండి.

ఫ్రామ్ ప్రయాణంలో గమనించినదాన్ని బట్టి నాన్సెన్ రెండు సంగతులు తేల్చాడు. మంచు గాలి వేగంలో సుమారు 2 శాతం వేగంతో నడుస్తుంది. గాలి నెట్టిన వైపు నేరుగా పోకుండా 20 నుంచి 40 డిగ్రీలు కుడికి తిరిగి పోతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే ప్రతిదీ కుడికి మళ్ళుతుంది. ఆ లెక్కను స్వీడన్‌కి చెందిన ఎక్‌మన్ 1905లో గణితంగా రాశాడు. ఈరోజుకీ సముద్రశాస్త్రం చదివేవాళ్ళు మొదట నేర్చుకునే పాఠాల్లో అది ఒకటి.

మన వాడకానికి చిట్కా ఏమిటంటే, గాలి వేగాన్ని 1.73తో గుణిస్తే గాలి ఒక్కటే నెట్టినప్పుడు మంచు రోజుకి ఎన్ని కిలోమీటర్లు పోవాలో వస్తుంది. గాలి సెకనుకి 10 మీటర్లుంటే 17 కి.మీ. దిశ విషయంలో ఒక మెలిక ఉంది. గాలి దిశ అంటే అది వచ్చే వైపు, మంచు దిశ అంటే అది పోయే వైపు. ఉత్తరపు గాలి దక్షిణానికి, అంటే 180 డిగ్రీల వైపు నెడుతుంది. మన ఉదాహరణ రోజున ఉత్తరపు గాలి సెకనుకి 10 మీటర్లు వీచిందనుకోండి. పలక 209 వైపు పోయింది. దక్షిణానికి తిరిగి నిలబడితే మన కుడిచెయ్యి పడమర, కాబట్టి 29 డిగ్రీలు కుడికి. నాన్సెన్ చెప్పిన లోపలే ఉంది.

దూరం మాత్రం 17 రావాల్సింది 25 వచ్చింది. ఆ మిగతా 8 కి.మీ. ఎక్కడివి? గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డు వెంబడి దక్షిణానికి పారే ప్రవాహానివి. మన చెరువుల్లో గుర్రపు డెక్కను గమనించినవాళ్ళకి ఇది కొత్త కాదు. నీళ్ళు కదలని చెరువులో గాలి ఎటు వీస్తే ఆ గట్టుకి చేరుతుంది. అదే తూము దగ్గరైతే గాలి లేకపోయినా తూము వైపే పోతుంది. గాలి లేని రోజు దొరికితే వదలకండి. ఆ రోజు మీ పలక నడిచిన దూరమంతా దాదాపు ప్రవాహానిదే. ఇంట్లో కూర్చుని సముద్ర ప్రవాహాన్ని కొలిచినట్టే.

ఈ 2 శాతం సూత్రం ప్రతిచోటా పనిచేయదు. తిరుమలలో గరుడసేవ రోజు మాడవీధుల్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు, మనం ఎటు వెళ్ళాలనుకున్నా జనం ఎటు కదిలితే అటే పోతాం, కదలకపోతే నిలబడిపోతాం. గ్రీన్‌లాండ్‌కి, కెనడా దీవులకి ఉత్తరాన చలికాలంలో మంచు అలా కిక్కిరిసి ఉంటుంది. అక్కడ గాలి ఎంత నెట్టినా పక్క పలకలు అడ్డం పడతాయి. విడివిడిగా తేలే పలకల దగ్గరే ఈ సూత్రం బాగా కుదురుతుంది. అందుకే మిమ్మల్ని ఫ్రామ్ జలసంధికి తీసుకెళ్ళాను.

మోడం కమ్మితే, చీకటి పడితే

పది రోజుల్లో చాలా రోజులు మోడమే ఉంటుంది. ఒకరోజు పోతే టెన్షన్ పడకండి, గాలి పటం చూసి పలక ఎటు వెళ్ళి ఉంటుందో అంచనా గీసుకుని, చిత్రం తేటపడ్డాక ఆ చుట్టుపక్కల వెతకండి. నేను పోగొట్టుకున్న పలకల్లో చాలావాటిని ఇలాగే తిరిగి పట్టుకున్నాను.

మూడు రోజులు దాటితే రాడార్ చిత్రాలకి వెళ్ళాలి. తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్తే గాదంకిలో పెద్ద వాతావరణ రాడార్ ఉంది, ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి పైన గాలులు ఎలా వీస్తున్నాయో చెబుతుంది. సెంటినెల్-1 ఉపగ్రహం దాదాపు 700 కి.మీ. ఎత్తు నుంచి కిందికి అలా తరంగాలు పంపి వింటుంది. దానికి మోడం అడ్డు కాదు, చీకటీ అడ్డు కాదు. కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుని, సెంటినెల్-1లో బాగా వెడల్పుగా చూసే ఈడబ్ల్యూ రకం చిత్రాలు ఎంచుకోండి. ఒక్కో పట్టీ 400 కి.మీ. వెడల్పు. ఒక్కో చిత్రం తీసిన సమయం సెకన్లతో సహా ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన సమయం తలనొప్పి ఇక్కడ లేదు.

రాడార్ చిత్రం నలుపు తెలుపు. గరుకు మంచు, పాత మంచు తెల్లగా, నున్నటి కొత్త మంచు నల్లగా ఉంటాయి. నిశ్చలమైన నీళ్ళు కూడా నల్లగానే ఉంటాయి. గాలికి అలలు లేచిన నీళ్ళు మాత్రం తెల్లబడి మంచులాగే కనబడతాయి. అలాంటప్పుడు హెచ్‌హెచ్, హెచ్‌వీ అనే రెండు రకాల చిత్రాల్లో రెండోది చూడండి, అందులో నీళ్ళూ మంచూ బాగా విడిపోతాయి. ఆ సైట్ పటం ధ్రువం వైపు సాగిపోయి ఉంటుంది, కంటితో దూరం అంచనా వేయకండి, అంకెలతోనే లెక్కవేయండి.

రాడార్ చూసేవాళ్ళం ఇప్పుడు మన శ్రీహరికోట వైపు కూడా చూస్తున్నాం. ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ 2025 జూలై 30న అక్కడి నుంచే వెళ్ళింది. రెండు రకాల తరంగాలతో చూసే రాడార్ అది. 12 రోజులకోసారి అదే దారికి వస్తుంది. దాని చూపు ఎడమ వైపుకి ఉండటంతో దక్షిణ ధ్రువం వైపు ఎక్కువ దూరం కనబడుతుంది. మన తిరుపతి జిల్లా నుంచి పైకెళ్ళిన కన్ను అంటార్కిటికా మంచుని చూడటం నాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

మీ లెక్కను నిపుణుల లెక్కతో పోల్చాలనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి, సముద్రం, మంచు సమాచారం ఇచ్చే ఐరోపా వాళ్ళ సంస్థ ఓఎస్ఐ సాఫ్ రోజూ ఇచ్చే మంచు కదలిక బాణాలు. రెండు రోజుల కదలికను 62.5 కి.మీ. గళ్ళలో చూపిస్తాయి. మీ పలక ఆ గడిలో ఒక మూల మాత్రమే, కాబట్టి సరిగ్గా కలవకపోతే కంగారు పడకండి, దిశ కలిస్తే చాలు. రెండోది తేలియంత్రాలు. అంతర్జాతీయ ఆర్కిటిక్ బాయ్ (అంటే తేలియంత్రం) కార్యక్రమం వాళ్ళు మంచు మీద పెట్టిన యంత్రాలు తమ స్థానాన్ని ఉపగ్రహాల ద్వారా గంట గంటకీ పంపుతుంటాయి. ఆ స్థానాలను ఎక్సెల్‌లో గీసి చూడండి. వేసవిలో మంచు వదులుగా ఉన్నప్పుడు కొన్ని యంత్రాల దారి జిలేబీ చుట్టలా ఉంటుంది, ఒక్కో చుట్టూ సుమారు 12 గంటలు. రోజుకొక చిత్రం చూసే మనకి ఆ చుట్లు కనబడవు, మొదలూ చివరా మాత్రమే దొరుకుతాయి. పలక నిజంగా నడిచింది మనం కొలిచినదానికంటే ఎక్కువే.

సెప్టెంబరు తర్వాత

ఉత్తరాన చీకటి ముసిరేసరికి దక్షిణాన తెల్లవారుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా అదే సైట్‌లో అంటార్కిటికా బటన్ నొక్కి, 76 డిగ్రీల తూర్పు దగ్గర మన భారతి పరిశోధన కేంద్రం ముందున్న ప్రిడ్జ్ బే చూడండి. పద్ధతంతా ఇదే. ఒక్కటి మాత్రం తిరగేయాలి. అక్కడ మంచు గాలికి ఎడమ వైపు తిరుగుతుంది. ఒడ్డుకి అంటుకుని ఉండే మంచు నెలల తరబడి కదలదు, దాన్ని పొరపాటున పలక అనుకోకండి. కదలని కొలతకి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఉత్తరాన మీ పలక విషయానికొస్తే, ఫ్రామ్ జలసంధి దాటి గ్రీన్‌లాండ్ ఒడ్డు వెంబడి దిగుతూ అది చిన్నదవుతుంది. ఒక మూల విరుగుతుంది, రెండు ముక్కలవుతుంది. అప్పుడు పెద్ద ముక్కతో వెళ్ళండి, చిన్నదాని స్థానం ఒకసారి రాసి వదిలేయండి. ఒకరోజు తెరిస్తే మీరు గీసిన ఆకారం ఎక్కడా ఉండదు. మరో రెండు రోజులు చుట్టుపక్కల 50 కి.మీ. మేర వెతకండి, రాడార్ చిత్రం ఉంటే అదీ చూడండి. అప్పటికీ దొరక్కపోతే ఆ రోజు గడిలో 'కనబడలేదు' అని రాయండి. 'కరిగిపోయింది' అని రాయకండి, అది కరగడం మీరు చూడలేదు. దాని కింద ఆఖరిసారి కనబడిన తారీఖు, సమయం, అక్షాంశ రేఖాంశాలు రాసి, మళ్ళీ 80 డిగ్రీలకి వెళ్ళి ఇంకో పలక ఎంచుకోండి.